రొడ్డచేతి చాకు

నా తిత్తిలో ఎప్పుడూ ఒక చాకు ఉంటుంది. తిత్తి అంటే మా పక్క ఆడవాళ్లు నడుముకు దోపుకునే గుడ్డసంచి. మా అవ్వ దాంట్లో వక్కాకు పెట్టుకునేది. నా దాంట్లో ఫోను, బస్సు చిల్లర, ఈ మడత చాకు. పెళ్లికి పోయినా ఉంటుంది, ఆస్పత్రికి పోయినా ఉంటుంది. మొన్న హిందూపురంలో ఒక పెద్ద బట్టల అంగడి గేటు దగ్గర సంచులు తడిమి చూసే అమ్మాయి దాన్ని బయటికి తీసి, "ఆడమనిషివి, నీకెందుకక్కా కత్తి?" అంది. "నాకు అన్నం పెట్టేది అదే పాపా, జాగ్రత్తగా పెట్టు, పోతూ తీసుకుంటా" అన్నాను. చీర కొన్నంతసేపూ నా ధ్యాస గేటు దగ్గరే ఉంది.

ఆ చాకు నాకు ఊరికే దొరకలేదు. దాని కోసం ఒక వానాకాలమంతా మాటలు పడ్డాను.

అప్పటికి నేను పెనుకొండ దగ్గర రోడ్డు పక్కనున్న ఒక నర్సరీలో పనికి చేరి రెండేళ్లు. మామిడి అంట్లు, చింత అంట్లు మా దగ్గర ఎక్కువ. అంటు కట్టడం ఇద్దరి పని. ఒకరు కోస్తారు, ఒకరు కడతారు. కోసేవాళ్లు టెంక నుంచి మొలిచిన మొక్కకు తల తీసేసి, మిగిలిన మోడును నడిమికి చీలుస్తారు. మంచి జాతి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను కింద రెండు వైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దింపుతారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు దాని చుట్టూ ప్లాస్టిక్ పట్టీ చుట్టి కడతారు. కోసేవాళ్లకు పీట, ముందు టీ, నలుగురిలో మర్యాద. కట్టేవాళ్లకు నేల మీద గోనెసంచి.

మా నర్సరీలో కోసేది మేస్త్రీ ఒక్కడే. అరవై దాటిన మనిషి, ముప్పయ్యేళ్లుగా అదే పని. ఆయన కోసిన అంటు చావదని చుట్టుపక్కల పేరు. రెండేళ్లు ఆయన ఎదురుగా కూర్చుని కట్టాను. రెండేళ్లు ఆ చెయ్యి చూశాక నాకు తెలియనిదేముంది? నాకూ పీట కావాలనిపించింది. ఇందులో దాపరికమేమీ లేదు. నేలన కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేశాయి, అదొకటి. నాకు వచ్చిన పనిని రాదన్నట్టు కూర్చోవడం నా వల్ల కాదు, అది అసలు సంగతి.

"మేస్త్రీ, నేనూ కోస్తా" అన్నాను ఒకరోజు.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. తన దగ్గరున్న రెండో కత్తి తీసి నా ముందు పెట్టాడు. "యాభై కోయి. చూద్దాం" అన్నాడు.

కోశాను. ఇరవై రోజులు దాటాక పోయి చూస్తే యాభైలో తొమ్మిదే చిగురు వేశాయి. తక్కినవన్నీ పుల్ల నల్లబడి ఎండిపోయాయి.

ఇక్కడ నా చెయ్యి సంగతి చెప్పాలి. నాది ఎడమచేతి వాటం. మా పక్క రొడ్డచెయ్యి అంటారు. చిన్నప్పుడు అన్నం ఎడమచేత్తో తింటే అవ్వ ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టేసేది, కాబట్టి తినడం కుడికి మారింది. బడిలో అయ్యవారు బెత్తం తీసుకునేవాడు, కాబట్టి రాయడం కూడా కుడికి మారింది. కత్తి పట్టడం మాత్రం ఎవరూ మార్చలేదు. ఆడపిల్ల వంకాయ ఏ చేత్తో కోస్తే ఎవరికి కావాలి? అట్లా నా ఎడమచేతికి కత్తి ఒక్కటే మిగిలింది.

మేస్త్రీ ఎండిన పుల్లలు చూశాడు, నా చెయ్యి చూశాడు.

"నీ చెయ్యి మంచిది కాదమ్మా. నీ తప్పేం లేదు, పుట్టుకతో వచ్చింది. రొడ్డచేతికి మొక్క బతకదు" అన్నాడు.

చెయ్యి మంచిది, చెయ్యి మంచిది కాదు అని మా దగ్గర ఊరికే అనరు. చేనులో మొదటి పిడికెడు విత్తనాలు వేయడానికి చెయ్యి మంచిదని పేరున్నవాళ్లనే పిలుస్తారు. పందిరికి తీగ నాటాలన్నా, కొత్తగా కొన్న ఆవును ముట్టుకోవాలన్నా అంతే. ఆ పేరు ఒకసారి పోతే మళ్లీ రాదు. నర్సరీలో అన్న మాట నాకంటే ముందే మా ఇంటికి చేరింది. ఆ ఏడు మా చేనులో వేరుసెనగ వేసే రోజు మా అత్త మొదటి పిడికెడు నా తోడికోడలి చేతికిచ్చింది. అంతకు ముందు ప్రతి ఏడూ నేనే వేసేదాన్ని. నేను గట్టు మీద నిలబడి ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను గానీ, ఏడ్చిన మాట నిజం. ఆ సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోలేదని మా అత్తకూ తెలుసు.

నర్సరీలో తలా ఒక మాట చెప్పారు. ఒకామె కత్తికి నిమ్మకాయ గుచ్చి తీయమంది, తీశాను. ఇంకొకామె పసుపునీళ్లతో చెయ్యి కడుక్కోమంది, కడుక్కున్నాను. మేస్త్రీ కుడిచేత్తో కోయమన్నాడు. అదీ చేశాను. రెండోసారి యాభైలో నాలుగు బతికాయి, బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి.

అప్పుడు మేస్త్రీ అందరి ముందూ తేల్చేశాడు. "ఇంకొక్క వంద ఇస్తాండా. బతికితే పీట నీది. బతకకపోతే మళ్లీ కత్తి అడగొద్దు. పోయి సంచులకు మట్టి నింపుకో."

"సరే" అన్నాను. పక్కనున్నవాళ్లు నా మొహం చూసి తలలు దించుకున్నారు. వాళ్ల జాలి చూస్తే నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం, మొదటిసారి ఎడమచేత్తో కోసినవాటిలో చచ్చిన అంట్లు ఒక పది ఇంటికి తెచ్చుకున్నాను. మేస్త్రీ కత్తి కూడా తెచ్చాను. వరండాలో కూర్చుని ఒక్కొక్క పట్టీ విప్పి చూశాను. చచ్చిన మొక్కను విప్పి చూడాలని ఇన్నాళ్లూ నాకు గానీ, ఇంకొకరికి గానీ ఎందుకు తోచలేదో! పది పుల్లలకూ ఒకటే జబ్బు. చెక్కిన చోట చదునుగా లేదు, నడుమ చిన్న గుంట. పుల్ల పైన తగులుతోంది, కింద తగులుతోంది, మధ్యలో బూజు. రెండు చెక్కలు అతుక్కోకపోతే అంటు ఎట్లా బతుకుతుంది?

వంటింట్లోంచి కూరగాయల చాకు తెచ్చి, వేపపుల్ల తీసుకుని చెక్కాను. చదునుగా వచ్చింది. అదే పుల్లను మేస్త్రీ కత్తితో చెక్కాను. గుంట పడింది. మళ్లీ ఆ చాకు, మళ్లీ ఈ కత్తి. అప్పుడు కత్తిని కళ్లకు దగ్గరగా పట్టి చూశాను. కూరగాయల చాకుకు రెండు పక్కలా సాన పట్టి ఉంది. అంట్లు కట్టే కత్తికి ఒక్క పక్కే వాలు, రెండో పక్క అద్దంలా చదును. కుడిచేత్తో పట్టుకుంటే చదును పక్క పుల్లకు ఆనుతుంది, నేరుగా పోతుంది. ఎడమచేత్తో పట్టుకుంటే వాలు పక్క ఆనుతుంది, కత్తి పైకి లేస్తుంది, గుంట పడుతుంది.

చెయ్యి కాదురా దేవుడా, కత్తి!

నేను పకపకా నవ్వాను. మా ఆయన తింటున్న వాడల్లా ఆగి, "ఏమ్మే, కత్తి పట్టుకోని నవ్వుతాండావు, నాకి భయమైతాంది" అన్నాడు.

"ఆదివారం హిందూపురం తీసుకోని పో. చాకు కొనాల."

"ఇంట్లో ఉండేది చాలదా?"

చాలదు. కూరగాయల చాకు వెడల్పు, ఇనుము మెత్తన. పది పుల్లలు కోస్తే మొద్దుబారుతుంది. నాకు సన్నటి బ్లేడు కావాలి, గట్టి ఉక్కు కావాలి, మడిస్తే తిత్తిలో పట్టాలి. అన్నిటికంటే ముందు అది నా చేతిలో కుదరాలి.

హిందూపురంలో మొదట స్టీలు సామాన్ల అంగడికి పోయాం. చాకు అంటే ఆయన బీరకాయ చెక్కు తీసేది చూపించాడు. "చాకన్నా, చాకు" అంటే టమాటా కోసేది చూపించాడు. ఇంకొక చోట ఒక మెరిసే చాకు తీశారు. దాంట్లో కత్తెర ఉంది, సీసా మూత తీసేది ఉంది, గోళ్లు అరగదీసేది ఉంది. ఇన్ని ఉన్నా కోసే బ్లేడు మాత్రం అగ్గిపుల్లంత. మా ఆయనకు అది తెగ నచ్చింది. పిల్లోడి మాదిరి అన్నీ తెరుస్తుంటే లాక్కుని అక్కడే పెట్టేశాను.

వ్యవసాయ సామాన్ల అంగడిలో అసలైన అంటుకత్తులు ఉన్నాయి. అన్నీ కుడిచేతివే. "రొడ్డచేతికి ఉండాదా?" అని అడిగాను.

"అట్ల సపరేటుగా రావమ్మా. అందరూ కుడిచేత్తోనే కోస్తారు."

"అందర్లో నేను లేనా?" అన్నాను. ఆయన అట్టపెట్టెడు మడత చాకులు నా ముందు కుమ్మరించి, "దీంట్లో వెతుక్కో" అన్నాడు.

వెతుక్కున్నాను. ఒక్కొక్కటీ తెరిచి, మడిచి, ఎడమచేత్తో గాల్లో కోసి చూశాను. ఒకటి పిడి లావు. ఒకటి తెరిస్తే కదులుతోంది. ఒకటి గోరు ఊడినా తెరుచుకోదు. మా ఆయన బయటికి పోయి టీ తాగి వచ్చాడు. అంగడాయన, "ఏమ్మా, చాకు కొంటాండావా, అల్లుని వెతుకుతాండావా?" అన్నాడు. "అల్లుడు బాగా లేకపోతే సర్దుకుంటామన్నా, చాకుతో సర్దుకోలేం" అన్నాను.

అది అడుగున దొరికింది. నల్ల చెక్కపిడి, సన్నటి బ్లేడు, వెన్ను కొంచెం మందం. చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు ఎక్కడ ఆనాలో అక్కడ ఆనింది, చిటికెనవేలు పిడి చివర ఆగింది. ఇంక మిగతావి చూడలేదు. అంత సంతోషం నాకు పెళ్లిచూపుల్లో కూడా కలగలేదని చెబితే మా ఆయన దారంతా మూతి ముడుచుకున్నాడు.

పని ఇంకా సగం మిగిలే ఉంది. దాని బ్లేడుకు రెండు పక్కలా వాలు ఉంది. గట్టి పుల్ల మీద మేస్త్రీ కత్తి పోయినంత నేరుగా పోవాలంటే ఒక పక్క పూర్తిగా చదును కావాలి, అదీ నా చేతికి తగిన పక్క. ధర్మవరంలో మా అక్క ఇల్లు మగ్గాల వీధిలో ఉంది. అక్కడ నేతగాళ్ల కత్తెరలకు సాన పట్టే మనిషి ఉన్నాడని గుర్తొచ్చి బస్సెక్కాను.

ఆయన నా మాట పూర్తిగా విని తల అడ్డంగా ఊపాడు. "కుడిపక్క మొత్తం అరగదీసి ఎడమపక్క వాలు పెట్టాల్నా? తిరకాసు పని. కొత్త చాకు చెడిపోతాది. నలభై ఏండ్లుగా సాన పడతాండా, ఇట్ల ఎవరూ అడగలే."

"ఇప్పుడు నేను అడుగుతాండా కదన్నా. చెడిపోతే నాది. పట్టు."

పట్టాడు. వేపపుల్ల కోసి చూశాను, సన్నగా గుంట. వెనక్కిచ్చాను. మళ్లీ పట్టాడు, మళ్లీ ఇచ్చాను. మూడోసారి ఆయన చక్రం ఆపి, "మీ అత్త నీతో ఎట్ల వేగుతాందో తల్లీ" అన్నాడు. నాలుగోసారి పుల్ల మీద చాకు పోతే చప్పుడే రాలేదు. చెక్కిన చోట వేలుపెట్టి రాశాను. ఎక్కడా ఎత్తుపల్లం లేదు. ఆయన ఆ పుల్ల తీసుకుని తనూ వేలుపెట్టి చూశాడు. "ఔను కదా!" అన్నాడు.

వంద అంట్లు కోసే రోజు నాకు ఎదురుగా కూర్చోడానికి ఎవరూ రాలేదు. చచ్చే అంటు కట్టి తమ చేతికీ చెడ్డపేరు ఎందుకని వాళ్ల భయం. మంచిది అనుకున్నాను. నేనే కోశాను, నేనే కట్టాను. ఒక్కో పుల్ల కోసి, కట్టి, పక్కన పెట్టి, మళ్లీ చాకు అందుకోవడం. ఇద్దరికి పూటలో అయ్యే పని నాకు రెండు రోజులు పట్టింది. చాకు మాత్రం ఒక్కసారి కూడా చెయ్యి జారలేదు.

తర్వాత రోజులు ఎట్లా గడిచాయో అడగొద్దు. నాకు నమ్మకం ఉంది. అయినా పొద్దున రాగానే ఆ వరసల వైపు చూడకుండా పోయేదాన్ని. ఇరవయ్యో రోజు దాటాక మేస్త్రీయే నన్ను పిలిచాడు. వరసల మధ్య వంగి, వేలితో ఒక్కొక్క మొక్కా ముట్టుకుంటూ లెక్కపెడుతున్నాడు. చివరిదాకా పోయి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఎర్రటి లేత చిగుళ్లు. ఎనభై ఏడు.

"ఏం చేసినావు?" అన్నాడు.

చాకు తీసి ఆయన ముందు పెట్టాను. చెయ్యి కాదని, కత్తి అని, పుల్ల ఎట్లా గుంటపడేదో అంతా చెప్పాను. ఆయన నమ్మలేదు. ఒక పుల్ల తీసుకుని నా చాకుతో తన కుడిచేత్తో చెక్కాడు. ముప్పయ్యేళ్ల చెయ్యి. నడుమ గుంట పడింది. ఇంకొకటి చెక్కాడు. అదీ గుంటే.

"ఏం చాకు ఇది! చేతికే రాదు" అన్నాడు విసుగ్గా.

"నాకి ఇన్నాళ్లూ మీ కత్తి అట్లే ఉండె మేస్త్రీ" అన్నాను.

ఆయన చాకు మడిచి కింద పెట్టి, పైగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు. ఆయన్ని నొప్పించానేమోనని ఇంటికి పోయేదాకా మనసు పీకింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

మరుసటి రోజు పొద్దున నేను వచ్చేసరికి షెడ్డులో అందరూ పని ఆపి చూస్తున్నారు. పీట ఖాళీగా ఉంది. దాని ఎదురుగా, నేల మీద గోనెసంచి పరుచుకుని మేస్త్రీ కూర్చున్నాడు. ఒడిలో ప్లాస్టిక్ పట్టీలు కత్తిరించి పెట్టుకున్నాడు.

"చూస్తాండావేమ్మా? కూర్చో. నువ్వు కోయి, నేను కడతా" అన్నాడు.

పీట మీద కూర్చుని చాకు తెరిచాను. మొదటి మోడు చీల్చి, పుల్ల చెక్కి, దింపి ఆయన ముందుకు జరిపాను. ఎన్నేళ్లుగా ఇంకొకరి అంటు కట్టలేదో ఏమో, ఆ ముసలి వేళ్ల కింద పట్టీ వదులుగా తిరుగుతోంది.

"బిగించి కట్టు మేస్త్రీ" అన్నాను.

"కడతాండా కదమ్మా" అని, విప్పి మళ్లీ కట్టాడు.