అత్తయ్యకు లేని జబ్బు లేదు

కొంతమందికి నగలు చూపించుకోవడం సరదా. ఇంకొంతమందికి పిల్లల మార్కులు చెప్పుకోవడం సరదా. కుట్టుకొట్టు నడిపే కోడలి అత్తయ్యకు మాత్రం తన జబ్బులు చెప్పుకోవడం సరదా. మనిషి కనబడితే చాలు, తెలిసినవాళ్ళా కాదా అన్న పట్టింపే లేదు. బస్సులో పక్క సీటు ఖాళీయేనా అని అడిగినవాడికి, "కూర్చో నాయనా. కానీ నాకు మూత్రం ఆగదు, దారిలో లేస్తే చటుక్కున జరగాలి మరి" అని ముందే చెప్పేసేది. అతను నిలబడే ప్రయాణం చేసేవాడు.

ఆవిడ గొంతు గుసగుసలకు పనికొచ్చే గొంతు కాదు. వీధిలో నిలబడి కడుపుబ్బరం అంటే ఎదురు మేడ మీద బట్టలు ఆరేసుకునే ఆవిడ, "ఇంకా తగ్గలేదా పెద్దమ్మా!" అని అక్కణ్ణించే అరిచేది. బ్రెడ్డు కొట్లో నిలబడి తనకు ఫిట్స్ వస్తాయని చెబితే వీధి చివరి దాకా వినబడింది. జబ్బుల పెద్దమ్మ అని అందరూ పేరు పెట్టేశారు. ఆవిడకు కోపం రాలేదు సరికదా, అడ్రసు చెప్పేటప్పుడు తనే వాడుకునేది. "జబ్బుల పెద్దమ్మ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు."

కోడలికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంటి ముందుగదే ఆమె కుట్టుకొట్టు. ఒక మిషను, నిలువుటద్దం, కొలతలిచ్చే చోట అడ్డంగా ఒక తెర. తెర పక్కనే స్టూలు, స్టూలు మీద అత్తయ్య.

ఒకరోజు స్కూలు టీచరు కొలతలివ్వడానికి వచ్చింది. "చేతులు కాస్త పైకెత్తండి మేడమ్" అంది కోడలు.

టీచరు ఎత్తేలోపే స్టూలు మీంచి గొంతు లేచింది. "నేనైతే ఎత్తలేనమ్మా. ఎత్తానా, మళ్ళీ దించలేను. భుజం అలా పట్టేసింది."

టీచరు చేతులు సగంలో ఆగిపోయాయి. "ఏ భుజం పెద్దమ్మా?"

"నీకేదీ?"

ఇంకేముంది, ఇద్దరూ తెర వెనక్కి చేరారు. కోడలు మెడలో టేపు వేసుకుని నిలబడే ఉంది.

"అత్తయ్యా, ఆవిడ వచ్చింది కొలతలివ్వడానికి!"

"ఇస్తుందిలేవే, ఎక్కడికి పోతుంది. చెయ్యే లేవట్లేదు గదా పాపం."

ఇంతకన్నా ఘోరం కోడలి మొగుడి సూపర్‌వైజరు ఇంటికొచ్చిన రోజు జరిగింది. మొగుడిది లిఫ్టులు బాగుచేసే పని. ప్రమోషన్ వస్తుందన్న ఆశతో సూపర్‌వైజరును టీకి పిలిచాడు. ఆయన సోఫా అంచున కుదురుగా కూర్చుని కప్పు అందుకున్నాడో లేదో అత్తయ్య మొదలుపెట్టింది. "నేను కుర్చీలో కూర్చుని ఎన్నాళ్ళయిందో బాబూ. మొలలు. కూర్చుంటే నిప్పుల మీద కూర్చున్నట్టే."

మొగుడు కొయ్యబారిపోయాడు. కోడలు అతన్ని వంటగదిలోకి లాక్కుపోయి నెత్తి కొట్టుకుంది. "పోయిందండీ, మీ ప్రమోషన్ గంగలో కలిసింది!" తొంగి చూస్తే సూపర్‌వైజరు, అత్తయ్య బాల్కనీలో ఉన్నారు. ఆయన ఒంగి ఆవిడ చెవిలో ఏదో చెబుతున్నాడు. తిడుతున్నాడేమో అనుకుంది కోడలు.

ఇంత బహిరంగమైన అత్తయ్యకు అంత గుట్టు కోడలు దొరికింది. కోడలికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. పెళ్ళప్పుడు వాళ్ళమ్మ, "అక్కడ నోరు జారావంటే చంపేస్తా" అని చెప్పి పంపింది. అప్పటి నుంచీ ఆ నోరు అలాగే మూసుకుని ఉంది. నోట్లో కొట్టుకునే మందు పంపు బొత్తాల డబ్బా అడుగున దాచేది. బట్టల నూగు ఛాతీలోకి పోయి ఊపిరి బిగిసినప్పుడు బాత్‌రూములోకి వెళ్ళి, చప్పుడు వినబడకుండా కుళాయి తిప్పుకునేది. మొన్న వానాకాలంలో ఒకసారి పంపు కొట్టినా ఊపిరి అందలేదు. ఆ పూట ఎలాగో గడిచింది కానీ గుండెల్లో రాయి పడింది. ఈసారి ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే? మిషను అమ్మినా ఆ బిల్లు తీరదు.

అందుకే ఇంటిల్లిపాదికీ కలిపి హెల్త్ పాలసీ తీసుకుందామని మొగుడి వెంటబడింది. అయితే ఎదురు మేడావిడ ఒక మాట చెప్పింది. "ముందే జబ్బుంటే వాళ్ళు చేర్చుకోరు. ఏమీ లేదని చెప్పెయ్, ఎవడు చూడొచ్చాడు!" కోడలు ఆ మాటే పట్టుకుంది.

ఏజెంటు వచ్చాడు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న కుర్రాడు, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "ముందుగా అమ్మగారితో మొదలుపెడదాం. మీకు ఇంతకుముందు నుంచీ ఉన్న జబ్బులేమైనా ఉన్నాయా?"

అత్తయ్య మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో ఎవరూ ఆవిణ్ణి ఆ ప్రశ్న అడగలేదు. అడిగే అవకాశం ఆవిడ ఇస్తే గదా!

"నువ్వు ఖాళీగానే ఉన్నావా బాబూ?" అని చీర సర్దుకుని కూర్చుంది.

భుజంతో మొదలుపెట్టి మొలల మీదుగా ఫిట్స్ దాకా వచ్చింది. మధ్యలో గుండె దడ, చెవిలో హోరు, అరికాళ్ళ తిమ్మిరి. ఏజెంటు పాపం రాస్తూనే ఉన్నాడు. చోటు చాలక ఇంకో కాగితం తీశాడు.

"అత్తయ్యా, ఆయన డాక్టరు కాదు!"

"డాక్టరు వినడే తల్లీ. ఈ బాబు రాసుకుంటున్నాడు కూడానూ."

"అమ్మా, ఇంక చాలే" అని కొడుకు నీళ్ళు నమిలాడు.

ఏజెంటు రాసి రాసి నొప్పెట్టిన చెయ్యి విదిలించుకుని కోడలి వైపు తిరిగాడు. "మీకేమైనా ఉన్నాయా మేడమ్? ఉంటే దాచొద్దు. దాస్తే రేపు క్లెయిమ్ ఇవ్వరు."

"నాకేం లేవు" అంది కోడలు టక్కున.

అత్తయ్య ఆమె వైపు ఒకసారి చూసింది. తర్వాత ఏజెంటు మోకాలు తట్టింది. "ఆయాసం మర్చిపోయాను బాబూ. రాయి, నాకు ఆయాసం. చచ్చే ఆయాసం."

కోడలికి తల తిరిగిపోయింది. ఏజెంటు కాగితాలు సర్దుకుంటూ, ఇన్ని ఉంటే పెద్దావిడకు అన్ని పరీక్షలూ చేయించాకే కంపెనీ ఏదో ఒకటి తేలుస్తుందని, అందాకా ఎవరి పాలసీ కదలదని చెప్పి వెళ్ళాడు.

అతను గడప దాటగానే కోడలు విరుచుకుపడింది. "మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కేస్తారే! మీకు ఆయాసమేంటి అత్తయ్యా?"

అత్తయ్య సమాధానంగా దగ్గింది.

పరీక్షల రోజు కోడలే కొట్టు మూసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. రక్తం తీశారు, గుండె చూశారు, తలకు తీగలు పెట్టారు. గొట్టంలోకి ఊదమంటే అత్తయ్య ఊదిన ఊదుడికి నర్సు ఉలిక్కిపడింది. చివరికి డాక్టరమ్మ పిలిచి, "కాస్త బీపీ ఉంది. అంతకుమించి ఏమీ లేదు" అంది.

"ఏమీ లేదా?" అంది కోడలు.

"ఆ ఊపిరి పాతికేళ్ళ పిల్లకు కూడా ఉండదు. ఇవన్నీ ఉన్నాయని ఎవరు చెప్పారు మీకు?"

అత్తయ్య గోడ మీద గడియారం వైపు చూస్తోంది.

బయట బల్ల మీద కూలబడి కోడలు పళ్ళు పటపటలాడించింది. "మీకు ఫిట్స్ లేవు."

"లేవట గదా. మంచిదే."

"ఏం మంచిది! బ్రెడ్డు కొట్లో నిలబడి ఊరందరికీ ఎందుకు చెప్పారు?"

"ఊరికి చెప్పలేదే. ఆ కొట్లో పిల్లకు చెప్పాను. ఊరు వింది. నా గొంతే అలాంటిది, ఏం చెయ్యను?" అత్తయ్య కాళ్ళు ఊపుకుంటూ చెప్పుకొచ్చింది. "ఆ పిల్లకు వస్తాయి ఫిట్స్. నాలిక మీద కొరుక్కున్న గాటు చూశాను. పనిలోంచి తీసేస్తారని భయం. నీకొస్తాయా అంటే ఒప్పుకుంటుందా? అందుకే నాకొస్తాయన్నాను. ముసల్దాన్ని, నాకు పోయేదేముంది. మర్నాడు తనే వచ్చి, ఏ డాక్టరు దగ్గరికెళ్తున్నావు పెద్దమ్మా అంది. ఇక తీసుకెళ్ళక తప్పలేదు."

"మరి సూపర్‌వైజరు?"

"సోఫా అంచు మీద కూర్చున్నప్పుడే తెలియలా? ఆపరేషన్ కూడా అయిపోయింది. ఇప్పుడు నిక్షేపంగా ఆనుకుని కూర్చుంటున్నాడట."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అందరికీ సరే. ఏజెంటు ముందు అవన్నీ ఎందుకు ఏకరువు పెట్టారు?"

"అలవాటు కొద్దీ వచ్చేశాయే. మొదలుపెడితే ఆగవు." కాళ్ళు ఊపడం మానేసి, "ఆయాసం మాత్రం అలవాటు కొద్దీ చెప్పలేదు" అంది.

కోడలు తల దించుకుంది.

"పెళ్ళయిన కొత్తలోనే విన్నాను. కుళాయి తిప్పితే వినబడదనుకున్నావు. బాత్‌రూము అవతల నా మంచమే."

"మరి అడగలేదేం?"

"అడిగితే లేదనేస్తావు. నాకుందంటే నాకూ ఉందత్తయ్యా అంటావనుకున్నాను. ఎన్నాళ్ళు దగ్గానే నీ ముందు! నువ్వేమో కరగవు సరికదా, దగ్గు మందు తెచ్చిపెట్టావు. ఆ చేదు విషమంతా నీ కోసమే తాగాను. ఊరందరూ నోరు విప్పారు గానీ, నీలాంటి మొండిఘటాన్ని చూళ్ళేదు."

కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వుకు దగ్గు కూడా వచ్చింది. ఈసారి ఆమె కుళాయి కోసం వెతకలేదు.

ఆ వారమే ఏజెంటును మళ్ళీ పిలిచారు. మొగుడి ముందే కోడలు, "నాకు ఆయాసం ఉంది. చిన్నప్పటి నుంచీ" అంది. మొగుడు నోరు తెరిచాడు. "ఆయాసం అమ్మకు గదా!"

"మీ అమ్మకు లేదు. మీరు తర్వాత ఆశ్చర్యపోదురుగాని, కాస్త ఆగండి."

ఏజెంటు ఎర్రటి కళ్ళు నలుపుకుంటూ రాసుకున్నాడు. డబ్బు కొంచెం ఎక్కువ కట్టాలని, ఆయాసానికి మాత్రం కొన్నాళ్ళు ఆగాలని, ఆ తర్వాత దానికీ ఇస్తారని చెప్పాడు. "చెప్పి మంచి పని చేశారు మేడమ్."

కోడలు ఊపిరి పీల్చుకుంది. లేచి టీ పెడదామని వంటగదిలోకి వెళ్తుంటే వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"బాబూ, నీకు ఒంట్లో బాగానే ఉంటుందా?"

"నాకేం పెద్దమ్మా, బ్రహ్మాండంగా ఉన్నాను."

"అదృష్టవంతుడివి. నాకైతే అసలు నిద్రే పట్టదు. కన్ను మూసి ఎన్నాళ్ళయిందో."

రాత్రంతా ఆవిడ గురక వినే కోడలు గుమ్మంలోనే ఆగి, వెనక్కి వచ్చింది. "అవునండీ, పాపం అత్తయ్య తెల్లవార్లూ పచార్లే" అని అతని కుర్చీని అత్తయ్య వైపు కాస్త జరిపింది.

ఏజెంటు పెన్ను జేబులో పెట్టుకుని, మెడ దగ్గర బొత్తం ఒకటి విప్పుకున్నాడు.

"పడుకోగానే గుండె దడదడా కొట్టుకుంటుందా పెద్దమ్మా?"