ఇంటిపేరుకు అర్థం చెప్పిన రోజు

నాందేడ్ రైల్వే స్టేషన్ దగ్గర నాకొక నేమ్‌ప్లేట్ల దుకాణం ఉంది. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి నేను. అయినా ఊళ్ళో సగం మంది డాక్టర్లు, వకీళ్ళు నా చేతి మీదుగానే గోడలెక్కారు. వాళ్ళ డిగ్రీలు చెక్కీ చెక్కీ వాళ్ళకంటే నేనే ఎక్కువ చదివానని గిరాకులతో అంటుంటాను. నా నోరు ఊరుకోదు.

ఇక్కడ కొత్త మనిషి కనబడితే మరాఠీలో ముందు అడిగేది "ఆడ్‌నావ్ కాయ్?" అని. అంటే ఇంటిపేరేంది అని. అడిగేది పేరు, తెలుసుకునేది కులం. కుర్చీ చూపించాలా, గడప దగ్గరే మాట్లాడి పంపించాలా అన్నది ఆ జవాబుతో తేలిపోతుంది. మా నాన్న నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన గ్యాంగ్‌మన్. మా ఇంటిపేరు ఇక్కడెవరికీ అంతుబట్టదు కాబట్టి మమ్మల్ని ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు.

నా దోస్తుకు ఆ తిప్పలు లేకుండేవి. రైల్వే క్వార్టర్లలో మా పక్కింటివాడు, నాతో గోలీలాడినవాడు, తర్వాత రైల్వేలోనే మెకానిక్ అయ్యాడు. చర్చికి పోయే కుటుంబం. వాళ్ళ తాతను చిన్నప్పుడు చేరదీసిన మిషన్ ఆసుపత్రి డాక్టరు దొర ఒకాయన తన ఇంటిపేరునే ఆయనకిచ్చాడట. ఆ ఇంగ్లీషు పేరు వినగానే అడిగినవాళ్ళు "అచ్ఛా" అని ఊరుకునేవాళ్ళు. మనసులో ఊహించుకునేవాళ్ళు ఉండే ఉంటారు, కానీ నోటితో ఇంకేమీ అడిగేవాళ్ళు కాదు. మూడు తరాలు ఆ పేరు వెనక తలెత్తుకు తిరిగాయి. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. ఒకసారి విప్పింది చాలు.

కొన్నేళ్ళ కింద ఒక చర్చివాళ్ళు పాత పాదిరీల పేర్ల పట్టీ ఇచ్చి పాలరాయి మీద చెక్కమన్నారు. చెక్కుతూ చెక్కుతూ, ఈ పేర్లకు అర్థాలుంటాయా అని ఫోన్లో చూశాను. చూస్తే నవ్వాగలేదు. స్మిత్ అంటే కమ్మరి. కూపర్ అంటే చెక్క పీపాలు చేసేవాడు. కార్టర్ బండి తోలేవాడు. పెట్టుకున్న పేర్లూ అంతే, జార్జ్ అంటే వ్యవసాయం చేసేవాడు. ఇన్నాళ్ళూ దొరలనుకున్నాం, విప్పి చూస్తే అందరూ మన ఊరి బలుతదార్లే. ఊరికి పని చేసిపెట్టి కల్లంలో గింజలు తీసుకునేవాళ్ళే. ఆ వారమంతా వచ్చిన గిరాకునల్లా దీనితోనే నవ్వించాను.

అప్పుడే నా దోస్తు రిటైరై కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. నల్ల గ్రానైటు మీద బంగారు రంగు అక్షరాలతో నేమ్‌ప్లేటు చేయమన్నాడు. చేసిన రాత్రే అతని ఇంటిపేరు అర్థం కూడా చూశాను. మంచి జోకును ఒక్కడి ముందు వృథా చేయడమెందుకని దాచుకున్నాను. ఇది తెలియక చేసిన పని కాదు. దాచుకుని చేశాను.

ప్లేటు తీసుకుపోవడానికి అతను కాలనీలోని పక్కింటాయనను వెంటబెట్టుకొచ్చాడు. రిటైరైన మరాఠీ హెడ్‌మాస్టరు, నెమ్మదైన మనిషి. ముగ్గురికీ చాయ్ పోసి నా ఆట మొదలుపెట్టాను. కమ్మరి అయిపోయాడు, పీపాలవాడు అయిపోయాడు. మాస్టరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నా దోస్తు మాత్రం నా ముఖంలోకి చూసి, "ఇగ సాలు తియ్ రా" అన్నాడు. వాడికి అర్థమైంది. నేను ఆగలేదు.

మాస్టరుకు కూడా తెలియాలని హిందీలోనే చెప్పాను. వీళ్ళ తాతకు పేరిచ్చిన దొర ముత్తాతలు తోళ్ళు పదును చేసేవాళ్ళని, వీళ్ళు ఎక్కడి నుంచి బయలుదేరారో తిరిగి తిరిగి అక్కడికే వచ్చారని.

మాస్టరు నవ్వు ఆగిపోయింది. "అసం కా" అన్నాడు మెల్లగా, అలాగా అని. తర్వాత చాలా మర్యాదగా, "తుమ్‌చం మూళ్ గావ్ కోణ్తం?" అని అడిగాడు. మీ అసలు ఊరేది అని. నా దోస్తు కుండల్‌వాడి పక్కనున్న తన ఊరి పేరు చెప్పాడు. ఆ ఊళ్ళో ఏ వైపు అని అడిగితే అదీ చెప్పాడు. తర్వాత లేచి, తాగిన గ్లాసు తనే కుళాయి కింద కడిగి బోర్లించాడు. నా దుకాణంలో గిరాకులెవరూ గ్లాసు కడగరు.

పదిహేను రోజులకు వాళ్ళింటికి పోయాను. వదిన తలుపు తీసింది. మాస్టరు భార్య పొద్దున నడకకు పిలవడం మానేసిందని, కారణం తెలియట్లేదని చెప్పింది. నా దోస్తు ఆమెకు ఏమీ చెప్పలేదన్నమాట. నేనూ చెప్పలేకపోయాను.

అతను వరండాలో కూర్చుని ఉన్నాడు. "గమ్మత్తుకు అన్న గదరా," అన్నాను. "గాళ్ళ దేశంల గా పేరోళ్ళు జడ్జీలు గూడ అయిండ్రంట."

"గాడ అయితరు. నువ్వు చెప్పింది ఈడ."

నేను ఊరుకోవలసింది. మా ఇంటిపేరు అర్థం ఇంకా అధ్వానంగా ఉంటుంది, చెప్తా, నువ్వూ మాస్టరు ముందర నవ్వుకోమని అన్నాను. అతను కోపగించుకోలేదు.

"నీది తెలిసినా నీకేం గాదు రా," అన్నాడు. "మా తాత గా పేరుకు అర్థం అడగలే. అడిగెటోళ్ళ నోర్లు మూతపడ్తయని తీస్కున్నడు. గంతే."

వదిన చాయ్ తెచ్చింది. తాగి వచ్చేశాను. ఆ తర్వాత అతను దుకాణానికి రాలేదు. నేనూ ఆ కాలనీ వైపు పోలేదు.

పోయిన నెల కూరగాయల బజారులో ఎదురుపడ్డాడు. తప్పించుకోలేదు, ముఖం తిప్పుకోలేదు. వంకాయలు ఏరుతూ, "బాగున్నరా? ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని అడిగాడు. యాభై ఏళ్ళుగా అరే, ఒరే తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరు అది. ఒక్క మాట తిడతాడేమోనని నిలబడ్డాను. తిట్టలేదు.

"మంచిగున్నం," అన్నాను. "మీరెట్లున్నరు?"