ఆదోని కోట కింద ఇల్లు చూడటానికి పోయి, మిద్దె మీద మట్టి మోసిన రోజు

మాది నేత పని. ఎమ్మిగనూరులో పద్నాలుగేళ్లుగా ఒకే అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఆ ఇల్లు కూల్చి అంగళ్లు కట్టాలని ఇంటాయన అనుకున్నాడు, శ్రావణం వచ్చేలోగా ఖాళీ చేయమన్నాడు. ఊళ్లో అద్దె ఇళ్లకు కొదవ లేదు. కానీ మాది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించుకుని కూర్చుని నేయాలి. ఆ మాట చెప్పగానే ఇంటివాళ్ల ముఖాలు మారిపోయేవి. ఒకాయన తన కొత్త టైల్సు వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. ఇంకొకాయన పై అంతస్తు ఇస్తానన్నాడు. పై అంతస్తులో గుంట తవ్వితే మా కాళ్లు కింది వాళ్ల అన్నం పళ్లెంలో ఉంటాయని చెప్పి వచ్చేశాను. రెండు నెలలు తిరిగాక ఒక సంగతి తేలిపోయింది. మగ్గం నిలవాలంటే కింద మట్టి ఉన్న పాత ఇల్లు కావాలి, అది మా సొంతమై ఉండాలి. మగ్గం విప్పేసి ఏదైనా మిల్లులో చేరదామని మా ఆయన మెల్లగా అన్నాడు. నేను చేరనని గట్టిగా అన్నాను. డిగ్రీ చదివి కూడా కావాలని మగ్గం మీద కూర్చున్నదాన్ని, ఇంటాయన అంగళ్ల కోసం మగ్గం దిగిపోతానా?

అలా వెతుకుతుంటే, మా చీరలు కొనే షావుకారు ఆదోనిలో ఒక ఇల్లు ఉందని చెప్పాడు. కోట కొండ కింద పాత ఊళ్లో, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సినంత ఇరుకు సందులో ఉంది అది. రాతి గోడలు, మట్టి మిద్దె, లోపల నల్ల బండలు పరిచిన నేల. యజమాని పేరు హుసేన్‌బీ, డెబ్బై దాటిన మనిషి. పక్క ఇంట్లోనే చెల్లెలు ఒక్కతే ఉంటోంది. "ఇద్దరు ముసలోళ్లకు రెండిండ్లు ఎందుకు, ఊడ్సలేక సస్తాండాం" అని, చెల్లెలి ఇంట్లోకి మారి ఇది అమ్మేద్దామనుకుంది. మొదటిసారి పోయినప్పుడు ధర కన్నా ముందు నేను అడిగింది ఒకటే. "అవ్వా, బండలు లేపి గుంట తవ్వుకోవచ్చా?" ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కొనుక్కున్నాంక నీ ఇల్లు. గుంట తవ్వుకో, బావి తవ్వుకో, నాకేం?" అంది. అప్పుడే ఆ ఇంటి మీద మనసు పడిపోయింది.

పదకొండు లక్షలు చెప్పింది. బ్యాంకు వాళ్లు ఇస్తామన్న అప్పు, మా దగ్గర ఉన్నది కలిపితే సరిపోతుంది. అయితే ఒక పత్తి వ్యాపారి పదమూడు ఇస్తానని ఆమె చుట్టూ తిరుగుతున్నాడు. అతనికి ఇల్లు అక్కర్లేదు, కూల్చి గోడౌన్ కడతాడు. హుసేన్‌బీకి డబ్బు చేదేమీ కాదు. కానీ ఆ సందులో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని కట్టినవి. ఆమె ఇంటికీ చెల్లెలి ఇంటికీ మధ్య ఉన్నది ఒకే గోడ, రెండిళ్ల దూలాలూ దాని మీదే ఉన్నాయి. ఈ ఇంటికి జేసీబీ తగిలితే ఆ ఇల్లూ కూలుతుంది. కూల్చకుండా మిద్దెను పట్టించుకోకుండా వదిలేసినా అంతే, ఇక్కడ దిగిన నీళ్లు ఆ గోడలోకే పోతాయి. అందుకే ఆమె నాతో తేల్చి చెప్పింది. "ఇల్లు కొనేటోళ్లు శానామంది వస్తారు. మిద్దె సూసుకునేటోళ్లు కావాల నాకు. మిరగం కార్తె వచ్చే ముందర సౌడు ఏస్తాం. ఆ పొద్దు రా, నీ పని సూస్తా."

మట్టి మిద్దె తెలియని వాళ్లకు ఒక మాట. దూలాల మీద కట్టెలు, బండలు, వాటి మీద జానెడు మట్టి, ఇదే కప్పు. ఆ మట్టి పైన ఏటా వానలకు ముందు చౌడు మట్టి పరుస్తారు. అది తడిస్తే జిగురులా కరుచుకుని నీటిని కిందికి దిగనివ్వదు. ఈ సందులో అందరూ ఒకే రోజు వేసుకుంటారు. ఒకప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మిద్దెలేనట. ఇప్పుడు నాలుగే మిగిలాయి, మిగతావన్నీ స్లాబులు అయిపోయాయి.

ఆ రోజు ఉదయం ఆరుంపావుకు ఎమ్మిగనూరు బస్టాండులో ఎక్కాను. ఆదోనికి గంట ప్రయాణం. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. మగవాళ్లయితే యాభై రూపాయలు జేబులో పెట్టుకోండి. మగ్గం మీద సగం చీర ఉంది కాబట్టి మా ఆయన రాలేదు. బస్టాండు బయట ఉగ్గాని బండి దగ్గర నిలబడి, రెండు మిరపకాయ బజ్జీలతో ఒక ప్లేటు తిన్నాను. నలభై రూపాయలు. నా చేతిలో పాత చీర, తలగుడ్డ చూసి బండి ఆయన "యాడికమ్మా కూలికా?" అన్నాడు. ఇల్లు కొనడానికన్నాను. "ఇల్లు కొనేదానికి పాత సీర తెచ్చుకునేది నిన్నే సూస్తాండా" అని నవ్వి, ఇంకో బజ్జీ ఊరికే వేశాడు. అక్కడి నుంచి పాత ఊరికి ఆటో ఒక్కరికే అయితే డెబ్బై అడుగుతారు. సందులోకి రామంటారు, మసీదు మలుపులో దిగి నడవాలి.

నేను చేరేసరికే ట్రాక్టర్ మట్టి దింపి పోయింది. మిద్దె మేస్త్రి ఉరుకుందప్ప కోసిగి వైపు మనిషి. ఏడాదిలో సగం బెంగళూరులో కాంక్రీటు పనికి పోతాడు, ఈ వారం మాత్రం తప్పకుండా వస్తాడు. "ఆడ ముప్పై అంతస్తులు కడతాండాం అక్కా. ఈ మిద్దె మీద నిలబడినంత భయం ఆడ లేదు. ఈడ తప్పు సేస్తే ఈ అవ్వ మాట పడాల" అన్నాడు. హుసేన్‌బీ వినిపించుకోనట్టు తట్టలు లెక్కపెడుతోంది. మోకాళ్ల నొప్పులతో నిచ్చెన ఎక్కలేదు కాబట్టి, సందులో మంచం వేసుకుని అక్కడి నుంచే రాజ్యం చేస్తోంది. ఆమె చెల్లెలు టీ మీద టీ పంపుతోంది.

తొమ్మిది దాకా తట్టలు మోశాను. ఎండ నెత్తికి ఎక్కింది. మిద్దె మీద నిలబడితే ఒక పక్క కోట కొండ బండలు, ఇంకో పక్క జిన్నింగ్ మిల్లుల రేకులు మెరుస్తూ కనిపిస్తాయి. చౌడు తెల్లగా, మెత్తగా ఉంటుంది, చెమట పట్టిన చేతులకు మంట పెడుతుంది. హుసేన్‌బీ మిద్దెకు సరిపడా మట్టి చేరాక, "దీన్ని పరుస్తా ఉండు, నేను పక్క మిద్దె సూసొస్తా" అని ఉరుకుందప్ప గోడ దాటిపోయాడు.

ఇక్కడే నేను నా తెలివి చూపించాను. మట్టి పరిచి వెనక్కి వచ్చి చూస్తే, మిద్దె వీధి వైపుకు వాలినట్టు కనిపించింది. మా పనిలో కంటికి వంకర కనిపిస్తే చేతులు ఆగవు. పడుగు ఒక పక్క వదులైతే బిగిస్తాం, అంచు వేలెడు జారితే సరిచేస్తాం, ఇరవై ఏళ్లుగా అదే పని. ఆ కంటితో చూసి, పాపం పాత మిద్దె కుంగిపోయిందనుకున్నాను. వీధి వైపు అదనంగా పది తట్టలు పోసి, చెక్కతో తట్టి, కింద నుంచి ఒక తాడు తెచ్చి ఈ చివర నుంచి ఆ చివరకు లాగి చూసి మరీ సమం చేశాను. అద్దంలా ఉంది. ఫోనులో ఫోటో తీసి మా ఆయనకు పంపాను కూడా. "బాగుంది" అని వెంటనే జవాబు వచ్చింది. ఆయనా నేతగాడే కదా!

పరచడం అయిపోయాక ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ఇంటి మనిషి మిద్దె లోపలి మూల ఒక బిందె నీళ్లు పోయాలి. వీధి వైపు గోడకు దోనె ఉంటుంది, వాన నీళ్లు సందులోకి పడే రాతి కాలువ అది. దాని కింద ఇంకొకరు చెంబు పట్టుకుని నిలబడాలి. నీళ్లు చెంబులో పడితే పని అయినట్టు. హుసేన్‌బీ తానే చెంబు పట్టుకుని దోనె కింద నిలబడి, "నీళ్లు పొయ్ బేటీ" అని కేక వేసింది. తన ఇంటి బిందె నన్ను పోయమంది! సంతోషంతో ఒక్కసారిగా కుమ్మరించాను.

నీళ్లు కాసేపు అక్కడే తచ్చాడాయి. తర్వాత దోనె వైపు పోకుండా, పక్కింటి ఉమ్మడి గోడ వారగా చేరి గుంటకట్టి నిలబడ్డాయి. కింద నుంచి హుసేన్‌బీ, "యాడ పోయినాయే నీళ్లు? బిందె తాగినావా ఏంది?" అంది. ఉరుకుందప్ప పరుగున వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఏం సేసినావక్కా! జారుడంతా పూడ్సేసినావే. వాలు ఉంటేనే కదా నీళ్లు దోనెకు పొయ్యేది. ఇది మిద్దె, సీర కాదు!"

సరిగ్గా అప్పుడే పత్తి వ్యాపారి మోటారు సైకిల్ మీద దిగాడు. పైకి చూసి, విషయం అర్థం చేసుకుని నవ్వాడు. "ఎందుకమ్మా ఈ తిప్పలు? కొత్తోళ్లకు ఇవన్నీ తెలిసేవి కావు. అవ్వా, నా మాట ఇను, ఎండాకాలం లోపల్నే తేల్సుకుందాం" అన్నాడు. హుసేన్‌బీ ఖాళీ చెంబును తిప్పి తిప్పి చూస్తోందే గాని కాదనలేదు. నాకు ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. ఎక్కువ కోపం నా మీదే. ఈ ఇల్లు పోతే మగ్గం పోతుంది. అంత మాత్రం తెలిసి, పక్కన మేస్త్రి ఉండగా ఒక్క మాట అడగకుండా సొంత తెలివి ప్రదర్శించాను.

"అవ్వా, సాయంత్రం దాకా టైమివ్వు" అని కిందికి వంగి అరిచాను. "మొత్తం ఎత్తేసి మళ్లీ పరుస్తా."

"ఎండకు సస్తావే."

"సావను. నువ్వు చెంబు పక్కన పెట్టుకో."

పన్నెండు నుంచి నాలుగు దాకా, నేను వేసిందంతా నేనే తీశాను. ఈసారి ఉరుకుందప్పను గురువులా పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి మూరకూ అడిగాను. వీధి వైపు ఎంత దించాలో తన జానతో కొలిచి చూపించాడు. నా కన్ను అడుగడుగునా ఎదురు తిరిగింది. వంకరగా ఉంది, సరిచేయమని చేతులు లాగుతూనే ఉన్నాయి. వాటిని తిట్టుకుంటూ వాలు పెట్టాను. మధ్యలో హుసేన్‌బీ చెల్లెలు జొన్న రొట్టె, వేరుశనగ పొడి పైకి పంపింది. వ్యాపారి ఎప్పుడు పోయాడో చూడలేదు. నాలుగున్నరకు రెండో బిందె పోశాను. నీళ్లు ఒక్క క్షణం ఆలోచించి, సన్నగా కదిలి, దోనెలోకి జారాయి. చెంబులో టపటపా పడిన చప్పుడు పైకి వినిపించింది. నేను మిద్దె మీద కూలబడి ఏడ్చాను, దాచుకోలేదు.

హుసేన్‌బీ ఆ నీళ్లు గడప మీద పోసింది. నేను బయానా కింద తెచ్చిన డబ్బు తీయబోతే చేయి అడ్డం పెట్టింది. "ఇప్పుడు కాదు బేటీ. బిందె నీళ్లు వేరే, వాన వేరే. ఒక్క వాన పడనీ, అప్పుడు సెప్తా." ఐదున్నర బస్సుకు ఎమ్మిగనూరు వచ్చేశాను. దారంతా కిటికీలోంచి ఆకాశం చూస్తూనే ఉన్నాను. మబ్బు తునక లేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మగ్గం మీద ఉండగా ఫోను మోగింది. ఎమ్మిగనూరులో ఎండ కాస్తోంది. అవతల నుంచి హోరు. హుసేన్‌బీ ఫోను దోనె దగ్గర పెట్టినట్టుంది, నీళ్లు సందు బండల మీద పడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. చాలాసేపటికి ఆమె గొంతు వచ్చింది. "ఇన్నావా? గంట నుంచి పడ్తాంది వాన. గోడలు అన్నీ తడిమి సూసినా. మీ ఇంట్లో సుక్క దిగలేదు." మా ఇల్లు అంది! రెండు లక్షలు ఎక్కువిచ్చే మనిషిని కాదని ఆ మాట అంది. మా ఆయన చేతిలో పని ఆపి నా ముఖం చూశాడు. నేను ఫోను ఆయన చెవి దగ్గర పెట్టాను.

పాత ఊళ్లో ఇల్లు కొంటే నాలుగు గోడలు మనవైపోతాయనుకునేదాన్ని. అందులో ఒక గోడ సగం పక్కవాళ్లది, కప్పు మీద పడే నీళ్లకు సందంతా బాధ్యత. అది తెలిసే కొన్నాను. ఏటా ఒక రోజు ఎండలో మట్టి మోయడం నాకు కష్టం కాదు, నా కన్నుకు వంకరగా కనిపించేదాన్ని అలాగే వదిలేయడమే కష్టం. నేర్చుకుంటాను. మీరు కూడా ఇలాంటి ఇల్లు చూడటానికి వస్తుంటే ఒక్క సలహా. బయానా ఇవ్వకముందే యజమాని అనుమతితో మిద్దె ఎక్కి, లోపలి మూల ఒక బిందె నీళ్లు పోయండి, అవి ఎటు పోతాయో చూశాకే ధర మాట్లాడండి. బిందె కావాలంటే మా ఇంట్లో ఉంది. మసీదు మలుపులో ఆటో దిగి సందులోకి నడవండి, మగ్గం చప్పుడు వినిపించే తలుపు తట్టండి.