కోచ్‌గారి మీద నాయనమ్మ వాకబు

మా ఇంటికి పెళ్ళి సంబంధం వస్తే నాయనమ్మ చేసే వాకబు ముందు పోలీసులు బలాదూర్. పెళ్ళికొడుకు చిన్నప్పుడు పక్కవాడి బలపం కొట్టేశాడో లేదో కూడా తేలాలి ఆవిడకి. అలాంటి మనిషి చేసిన అతి పెద్ద వాకబు మాత్రం అసలు భూమ్మీదే లేని ఒకాయన గురించి.

రావులపాలేనికి కేబుల్ టీవీ వచ్చిన కొత్త. నేను హైస్కూల్లో ఉన్నాను. ఎంత పొడుగంటే, ప్రార్థనకి నిలబడితే నా నీడలో సగం క్లాసు చల్లబడేది. ఆ పొడుగు చూసే డ్రిల్లు మాస్టారు నన్ను బాస్కెట్‌బాల్లో వేశారు. రాజమండ్రిలో జరిగే జట్టు ఎంపికకి పంపమని నాన్నని అడిగారు. అరటి మార్కెట్లో ఒక్క కేకతో లారీలు ఆపే నాన్న, ఆడపిల్లని ఆటలకి పంపే మాట వచ్చేసరికి "మీ నాయనమ్మని అడుగు" అని తప్పుకున్నాడు.

నాయనమ్మ కాదనలేదు, వాకబు మొదలెట్టింది. నేను రోజూ నోరు తెరుచుకుని చూసే ఇంగ్లీషు సీరియల్లో బడిపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పే కోచ్ ఒకడున్నాడు. ఒకప్పుడు ఏదో పెద్ద జట్టులో జీతానికి ఆడాడని, ఎందుకో మానేశాడని అప్పుడప్పుడూ మాటల్లో తగిలేది.

"ఈ ఆట ఆడినవాళ్ళు ఏమవుతారో ఈయన్ని చూస్తే తెలుస్తుంది. మంచి కబురైతే వెళ్దువుగాని" అంది నాయనమ్మ.

"అది కథ నాయనమ్మా! నిజం మనిషి కాదు."

"కథలో మనిషైతే మాత్రం, వెనకాముందూ ఉండవేంటే?"

అలా నా రాజమండ్రి ప్రయాణం ఆయనగారి గతంతో ముడిపడింది. నా ఇంగ్లీషు చూస్తే, కోచ్ అన్నదాంట్లో ఒక మాట నాకందేది, మిగతావి గోదాట్లో కలిసేవి. అందిన ఆ ఒక్క మాట కూడా ఆయన నోట్లో ఉండగానే కరెంటు పోయేది. చెవుల్ని నమ్ముకుంటే లాభం లేదని నాయనమ్మ కళ్ళజోడు తుడుచుకుంది.

"ఆయనింటి హాల్లో ఒక్క కప్పూ లేదు. గెలిచినవాడైతే దాచుకుంటాడా?"

"పెళ్ళాం వదిలేసినట్టుందండీ అత్తయ్యగారూ" అని వంటింట్లోంచి అమ్మ.

"వదలదూ మరి, ఆ గెడ్డం చూడు! మెట్లెక్కుతూ మోకాలు పట్టుకున్నాడు, చూశావా? అది వాతం కాదు, దెబ్బ."

మోకాళ్ళ విషయంలో నాయనమ్మని మించిన డాక్టరు ఉభయగోదావరుల్లో లేడు. ఒకరోజు ఆ కోచ్, కాలు కుంటుతున్న కుర్రాణ్ణి ఎంత బతిమాలినా ఆడనివ్వకుండా ఇంటికి పంపేశాడు. నాయనమ్మ తల పంకించింది.

చివరికి ఆయన తన పాత ఆట వీడియో పిల్లలకి చూపించే రోజు వచ్చింది. ఎప్పుడూ పోయే కరెంటు ఆరోజు నా మీద పగబట్టినట్టు పోలేదు.

"ఆ పక్కన తువ్వాలు కప్పుకుని కూర్చున్నది మనాయనేనా?"

"ఆయనే."

"ఆటంతా కూర్చునే ఉన్నాడే?"

"చివర్లో కాసేపు దిగాడు నాయనమ్మా. మోకాలు దెబ్బతింది. ఇంక మళ్ళీ ఆడలేదట." ఇక నా ప్రయాణం ఆగినట్టే అనుకున్నాను. ఇంత నాసిరకం సంబంధాన్ని ఆవిడ ఎన్నడూ మా గడప తొక్కనివ్వలేదు మరి.

నాయనమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "తను పడ్డ బాధ ఆ కుంటిపిల్లాడు పడకూడదని ఆపాడన్నమాట. మనిషి మంచివాడు. ఇంక తాంబూలాలు పుచ్చేసుకోవచ్చు. వెళ్ళు."

వెళ్ళమని ఊరుకోలేదు, తనూ వచ్చింది. జొన్నాడ వంతెన మీద బస్సులో అందరూ చూస్తుండగా నా మోకాళ్ళకి తైలం మర్దనా చేసింది. ఆ ఘాటుకి డ్రైవరు జలుబు కూడా వదిలిపోయి ఉంటుంది.

నన్ను జట్టులోకైతే తీసుకున్నారు, అదనపు క్రీడాకారిణిగా. సాయంత్రం ఆట మొత్తం బెంచీ మీదే. ఏడుపు ఆపుకుంటూ జనం కూర్చున్న గట్టువైపు చూశాను. నాయనమ్మ పక్కావిడకి నన్ను వేలుపెట్టి చూపిస్తోంది.

"అదిగోనండి, ఆ బెంచీ మీదున్నది మా మనవరాలే. కోచ్‌లయ్యేవాళ్ళు ముందు అక్కడే కూర్చుంటారండి!"

ఆ కేక గోదావరి అవతల కొవ్వూరు దాకా వినపడే ఉంటుంది. నేను నిటారుగా సర్దుకుని, తువ్వాలు భుజాన వేసుకున్నాను. అంత దర్జాగా నేను మళ్ళీ ఎక్కడా కూర్చోలేదు.