లాంచీ కింది అంతస్తు

మా ఎదురింటి దంపతులిద్దరూ ఈ మధ్యే రిటైరయ్యారు. రిటైరైనవాళ్లు మామూలుగా తీర్థయాత్రలకు పోతారు, వీళ్లు మాత్రం సముద్రం మీద ఓడ ఎక్కారు. ఊరంత ఓడట, అందులోనే హోటళ్లు, ఈత కొలను, సినిమా హాలు. పొద్దున లేచి ఫోను తెరిస్తే చాలు, మా వీధి గ్రూపు నిండా వాళ్ల ఫోటోలే. ఆయనకు నల్లకళ్లద్దాలు, ఆమెకు గాలికి ఎగిరే చున్నీ, వెనకాల కనుచూపు మేర నీళ్లు. ఇక్కడ మహబూబాబాదులో చలికి మంకీ క్యాపు పెట్టుకుని ముక్కు చీదుకుంటున్న మా ఆయనకు ఆ ఫోటోలు చూపించాను. ఆయనకూ రిటైర్మెంటు దగ్గర పడుతోంది కాబట్టి ఏమైనా కదలిక వస్తుందేమోనని నా ఆశ. తిప్పి తిప్పి చూసి, ఫోను నా చేతికిచ్చి, "బాపు, అవ్వ గూడ లాంచీ ఎక్కిండ్రు గద" అన్నాడు, వాళ్ల నాన్ననూ అమ్మనూ తలుచుకుని. పొయ్యి మీద కషాయం మరిగి పొంగిపోయింది.

మా మామయ్యది జనగామ. బతుకంతా గడిపింది మాత్రం భూపాలపల్లిలో, బొగ్గుగనిలో. గనిని అక్కడ బాయి అంటారు. బాయికి పోయిండు, బాయి దిగిండు, బాయిల ఉన్నడు, మా అత్తమ్మ సంసారం ఈ మాటల మీదే నడిచింది. ఆమెకొక పట్టింపు ఉండేది. ఆయన బాయి దిగి, షిఫ్టు ముగించి, పైకి వచ్చి, క్వార్టరు ముందు సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినబడేదాకా ముద్ద ముట్టేది కాదు. ఆ వరసలో చాలామంది ఆడవాళ్లది అదే పద్ధతి. మొక్కు కాదు, వ్రతం కాదు, ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. మనిషి భూమి కింద ఉండగా పైన కూర్చుని తినడానికి చెయ్యి రాదు, అంతే. నేను కొత్త కోడలిగా వెళ్లిన రోజుల్లో ఈ సంగతి తెలియదు. అత్త తినకుండా కోడలు తినకూడదని మా అమ్మ చెప్పి పంపింది, అత్తేమో మామ రానిదే తినదు. నేనా, ఆకలికి ఒక్క ఘడియ ఆగలేని దాన్ని. మామయ్య షిఫ్టు ఆలస్యమైతే భూపాలపల్లిలో మొదట కళ్లు తిరిగేది నాకే. అత్తమ్మ కనిపెట్టింది. వంటింట్లోకి పిలిచి, గిన్నెలో ఇంత అన్నం, పచ్చిపులుసు పోసి, "నువ్వు తిను బిడ్డ, నీ మొగడు ఆఫీసుల ఉన్నడు, బాయిల లేడు" అంది.

కరెంటు ఆఫీసులో మా ఆయనకు మహబూబాబాదు బదిలీ అయింది, మేం ఇక్కడ స్థిరపడిపోయాం. మామయ్య రిటైరయ్యాక జనగామలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. అత్తమ్మకు ఆ ఊరి చలికాలం పడలేదు. భూపాలపల్లి అడవి చలి వేరు, చెట్లు కొంత ఆపుతాయి. "గీడ చెట్టు లేదు, గుట్ట లేదు, గాలి సక్కగ మంచంలకే అస్తది" అనేది. అసలు బాధ మామయ్య ఊపిరితో. ఏండ్ల తరబడి పీల్చిన బొగ్గు పొడి ఛాతీలో గూడు కట్టుకుంది. ఎండాకాలం ఎట్లాగో గడిచిపోయేది, కార్తీకం దాటితే దగ్గు. అందుకని చలి మొదలు కాగానే ఇద్దరినీ మా ఇంటికి తెచ్చుకునేవాళ్లం. మహా శివరాత్రి దాకా ఇక్కడే.

ఆ చలికాలాలు ఇప్పుడు తలుచుకుంటే ముందు వాసనలు వస్తాయి. పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగే నీళ్ల పొగ, ఉప్పు వేసి ఉడకబెట్టిన కందికాయ, మామయ్య ఛాతీకి రాసే కర్పూరం కలిపిన నూనె. తెల్లవారకముందే ఆయన దగ్గుతో ఇల్లంతా లేచేది. మా అమ్మాయికి ఆ దగ్గే అలారం. అత్తమ్మ ఆయన వీపు నిమురుతూ కూర్చునేది. దగ్గు ఆగాక ఆయన ఏమీ జరగనట్టు, "పేపర్ అచ్చిందా?" అని అడిగేవాడు. పేపర్లో రాష్ట్రం సంగతి తప్ప మరొకటి చదివేవాడు కాదు. ఒకసారి ఇస్తున్నామని చెప్పి, మిఠాయి తీపి నోట్లో ఉండగానే వెనక్కి తీసుకున్నారు కదా, అప్పటినుంచి ఆయనకు పట్టుదల ఇంకా పెరిగింది. బొగ్గు తవ్వేవాళ్లు కూడా పని ఆపేసిన పెద్ద సమ్మెలో తానూ ఉన్నానని, అది ముగిశాకే రిటైరయ్యానని ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేవాడు. మహబూబాబాదులో దీక్షా శిబిరం వేస్తే రోజూ దుప్పటి కప్పుకుని పోయి కూర్చునేవాడు. అక్కడివాళ్లకు ఆయన దగ్గు అలవాటై, ఒకరోజు రాకపోతే, "ముసలాయన దగ్గు ఇనవడక సభ సప్పగున్నది" అన్నారట.

రిలే దీక్షలో వంతు వచ్చిన రోజు పొద్దంతా తినకుండా ఉండాలి. మామయ్య పేరు శిబిరంలో బోర్డు మీద రాసేవాళ్లు, మెడలో దండ వేసేవాళ్లు. ఇంట్లో అత్తమ్మ కూడా ఆ రోజంతా తినేది కాదు. ఆమెకు దండ లేదు, బోర్డూ లేదు. "ఆయన ఉద్యమం కోసం మానేసిండు, నువ్వెందుకు అత్తమ్మా?" అంటే, "మీ మామ ఇంటికి రాలె గద" అనేది. బాయి పోయింది గాని పద్ధతి పోలేదు.

ఆమె జీవితంలో మామయ్యను నోరు తెరిచి అడిగింది నాకు తెలిసి ఒక్కటే. గోదావరిలో లాంచీ ఎక్కి పాపికొండలు చూడాలని. పక్క క్వార్టరులో ఒక వదిన ఎప్పుడో పోయి వచ్చి, ప్రతి చలికాలమూ మంట దగ్గర కూర్చుని ఆ కథే చెప్పేదట. కొండ ఎదురుగా అడ్డం నిలబడుతుంది, ఇక దారి లేదు అనుకుంటాం, దగ్గరికి పోగానే అది పక్కకు జరిగి దారిస్తుంది, మళ్లీ ఇంకో కొండ. అత్తమ్మకు ఆ కథ మాటకు మాట నోటికి వచ్చేసింది. "రిటైర్ అయినంక తీస్కపోత" అని మామయ్య మాట ఇచ్చాడు. రిటైరయ్యాడు. అప్పుడు మాట మారింది, "రాష్ట్రం అచ్చినంక పోదాం."

రాష్ట్రం వచ్చినంక చేయాల్సిన పనులు అప్పటికే చాలా పోగుపడ్డాయి. జనగామ ఇంటికి సున్నం రాష్ట్రం వచ్చినంక. పై వరస పండ్లు అన్నీ ఊడిపోతే కట్టుడు పండ్లు కూడా రాష్ట్రం వచ్చినంకే. అత్తమ్మ మెత్తగా జొన్న గటక చేసి పెడుతూ, "గా ఢిల్లీ వాళ్లకు తెల్వదు, వాళ్లు లేటు జేస్తె గీడ నేను గటక కలుపుతున్ననని" అనేది. అందరం నవ్వేవాళ్లం, ఆయన కూడా బోసినోటితో నవ్వేవాడు. ఆ మనిషికి అదొక ఒట్టు లాంటిది. సుఖం ముందు పెట్టుకుంటే పోరాటం పలచబడుతుందని నమ్మకం. తప్పని ఎవరనగలం? కానీ ఊపిరి ఏడాదికేడాది తగ్గుతోంది. మూడో చలికాలం మొదట్లో డాక్టరు మా ఆయనను పక్కకు పిలిచి, వచ్చే చలికాలం గురించి ఇప్పుడే ఏమీ అనుకోవద్దు అన్నాడు. మా ఆయన ఇంటికి వచ్చి, స్కూటరు కూడా దిగకుండా చాలాసేపు గేటు దగ్గరే ఉండిపోయాడు.

అప్పటికి శిబిరాలు ఎత్తేశారు. రాష్ట్రం ఇస్తామని తేల్చి చెప్పారు, కాగితాలే మిగిలాయి అంటున్నారు. అయితే కొత్త పుకారు ఒకటి వచ్చింది, భద్రాచలం వైపు గోదావరి అటు పక్క రాష్ట్రానికి పోతుందని. మా ఆయన ఆ మాట పట్టుకున్నాడు. "బాపూ, గోదావరి మనదిగ ఉండంగనే అవ్వకు సూపియ్యి" అన్నాడు. మామయ్య ఆలోచించి, "అచ్చినట్టే అంటున్నరు గద, నడువుండ్రి" అన్నాడు. అత్తమ్మ లోపలికి పోయి, ట్రంకు పెట్టెలో మడిచి పెట్టిన గద్వాల చీర తీసి ఎండలో ఆరేసింది. ఆమె అంత తొందరగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

ఇల్లందు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరి, రాత్రికి సత్రంలో ఉండి, పొద్దున్నే జీపులో లాంచీల రేవుకు పోయాం. నది మీద మంచు ముద్దలు ముద్దలుగా ఉంది. లాంచీ రెండంతస్తులది. పైన కుర్చీలు, మైకు, పాటలు, కింద ఇంజను గది, వంట, సామాన్లు. కొండలు చూడాలంటే పైకి ఎక్కాలి. ఇనుప మెట్లు. మామయ్య రెండు మెట్లు ఎక్కి కడ్డీ పట్టుకుని ఆగిపోయాడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, పెదవులు నల్లబడ్డాయి. మా ఆయన ఎత్తుకుని పోతానంటే, "పైన గాలి ఎక్కువుంటదిరా, నన్నీడనే కూసోపెట్టు" అన్నాడు. ఇంజను గది పక్కన వెచ్చగా ఉన్న మూల ప్లాస్టిక్ కుర్చీ వేశాం. చల్లగాలి తగలకుండా పనివాళ్లు ఆ పక్క నీలం పరదాలు దించి తాళ్లతో కట్టేశారు. డీజిలు వాసన, చెవులు పగిలే చప్పుడు. "బాయి లెక్కనే ఉన్నది" అని నవ్వబోయి దగ్గాడు.

మైకు పట్టుకున్న కుర్రవాడు కోస్తా మనిషి, హుషారైనవాడు. కిందికి దిగి, "తాతగారు ఏ ఊరండీ?" అని పలకరించాడు. భూపాలపల్లి అంటే, "అదెక్కడండీ బాబూ, మ్యాపులో ఉందా?" అని పకపకా నవ్వాడు. మామయ్యకు కోపం రాలేదు, కోప్పడే ఊపిరి లేదు. "మీ ఇంట్ల కరెంటు బుగ్గ ఎలుగుతదా బిడ్డ?" అన్నాడు ఆగి ఆగి. "ఎలుగుతదంటే గా బొగ్గు మా దగ్గరిదే." ఆ కుర్రవాడు నవ్వడం ఆపి, పోయి వేడి టీ తెచ్చి ఇచ్చాడు.

లాంచీ కదిలి, ఊళ్లు దాటి, నది సన్నబడింది. నేను పైనుంచి చూస్తున్నాను. ఉన్నట్టుండి జనమంతా లేచి నిలబడ్డారు. ఎదురుగా కొండ, ఆకాశం దాకా. నేను గబగబా మెట్ల దగ్గరికి పోయి వంగి, "అత్తమ్మా, కొండలొచ్చినయి, జల్ది రా" అని అరిచాను. ఆమె ఆయన పక్కన సామాన్ల మూట మీద కూర్చుని ఉంది. కదలలేదు.

"పో" అన్నాడు మామయ్య. "గీని కోసమే గద అచ్చింది. నేనేడికి పోత?"

"ఇన్నేండ్లు నువ్వు కింద, నేను పైన. కింద నువ్వెట్లున్నవో ఒక్కనాడన్న సూసిన్నా? ఇయ్యాల ఈడనే ఉంట."

"కొండలు సూడవైతివి గదనే."

"సూస్తున్న గద" అంది ఆమె. తలెత్తి, కళ్ల ముందు కట్టేసి ఉన్న నీలం పరదా వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. "ఇగో, కొండ అడ్డం నిలవడ్డది. ఇగ తొవ్వ లేదనుకో. దగ్గరికి పోతున్నం. అగో, జరుగుతున్నది."

మామయ్య కళ్లు మూసుకున్నాడు. "తర్వాత?" అన్నాడు.

"తొవ్విచ్చింది. నీళ్లు పచ్చగున్నయి. ఇగో ఇంకోటి."

నేను మెట్ల మీదే నిలబడిపోయాను. పైన నిజం కొండలు జరుగుతున్నాయి, ఈలలు వేస్తున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఒక్క రెండేళ్ల ముందు వచ్చి ఉంటే ఆ మెట్లు ఆయన ఎక్కేవాడు. మధ్యాహ్నం ప్లేట్లలో అన్నం ఇచ్చారు. మామయ్యకు మింగుడు పడలేదు. కానీ తాను తినకపోతే ఆమె తినదని తెలుసు. దగ్గుకూ దగ్గుకూ మధ్య నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకున్నాడు.

జనవరి చివర వరంగల్ దవాఖానలో ఉన్నప్పుడు, బయటినుంచి ఎవరు వచ్చినా ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "అచ్చిందా?" అని అడిగేవాడు. అత్తమ్మ అబద్ధం చెప్పలేదు. "ఇంక రాలె. అస్తది" అనేది. రాకముందే ఆయన పోయాడు. జనగామలో దినాలు చేశాం. వచ్చిన చుట్టాల్లో ఒకావిడ, "ఏం సుఖపడ్డడు పాపం, బాయి, దగ్గు, టెంటు, గంతే గద" అని కళ్లొత్తుకుంది. అత్తమ్మ చప్పున తలెత్తి, "ఎందుకు సుఖపడలే?" అంది. "లాంచీ ఎక్కినం. కొండలు సూసినం, ఇద్దరం." కొండ అడ్డం నిలబడిన తీరు, జరిగిన తీరు, నీళ్ల రంగు, అన్నీ చెప్పింది. మా ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. కొన్నాళ్లకే, రాష్ట్రం బిల్లు గట్టెక్కిందని వీధిలో పటాకులు పేలాయి. ఆమె గడప దాకా వచ్చి, కాసేపు విని, లోపలికి పోయింది. జూన్‌లో రాష్ట్రం వచ్చింది, ఆ రేవు అటు పక్క రాష్ట్రంలోకి పోయింది.

ఆ తర్వాత కొన్ని చలికాలాలు అత్తమ్మ మా ఇంట్లోనే ఉంది. మళ్లీ తీసుకుపోతామంటే, "ఓసారి సూసిన గద" అనేది. మా అమ్మాయికి, మా వీధి ఆడవాళ్లకు, చలిమంట దగ్గర ఎవరు కూర్చుంటే వాళ్లకు ఆ కొండల గురించి చెప్పేది. ఇప్పుడు ఆమె కూడా లేదు. ఆ రోజు పైన నిలబడి ఆ కొండలను కళ్లారా చూసింది నేను, అయినా అవి ఎట్లా ఉన్నాయో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. నేను చూసినవి కాలం ఎప్పుడో తుడిచేసింది, ఆమె చూడకుండా చెప్పినవే నాకు మిగిల్చింది.