రెండు వరుసల పేజీ

మిరపకాయల ఘాటుకు అందరికీ తుమ్ములొస్తాయి. నాకు సలోమి టీచరమ్మ గుర్తొస్తుంది. ఇవాళ కోల్డ్ స్టోరేజీ తలుపు తీయగానే ఆవిడే కళ్లముందు నిలిచింది. బడి నుంచి రిటైరయ్యాక, కాయలు ఆరబోసిన కల్లంలో మేము తొడిమలు తీసే చోటికే వచ్చి, నా యాభై రెండో ఏట నా చేత అక్షరాలు దిద్దించింది. "వేళ్లు మండుతున్నాయండీ" అంటే, "నోరు మండట్లేదుగా, చదువు" అనేది.

రెండేళ్లకు, చర్చిలో వాక్యం చదువుతానని నేనే లేచాను. బైబిల్లో పేజీకి రెండు నిలువు వరుసలుంటాయి. వాచకంలో ఈ చివర నుంచి ఆ చివరకు చదివిన అలవాటుతో ఎడమ వరుస దాటి కుడి వరుసలోకి పోయాను. అక్కడి మాట ఇక్కడ అతుక్కుంది. ఎవరో ఫోనులో తీసి పేట గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి చుట్టాల ఊళ్లకూ చేరింది. మా అమ్మాయి వద్దంటున్నా ఆ వీడియో మళ్లీ మళ్లీ పెట్టించుకుని, కింద నవ్వే బొమ్మలన్నీ చూసుకునేదాన్ని. తిండి సయించలేదు. పుస్తకం అటకెక్కించాను. బస్తాల చీటీలు చదివి వేరుచేసే పనికి కోల్డ్ స్టోరేజీలో ఆడవాళ్లు కావాలని అప్పుడే కబురొచ్చింది. నీడపట్టున పని. అయినా నేను పోనన్నాను.

"మార్తక్కా, ఈ ఆదివారం ఏ వాక్యానికి ఏది అంటుగడతావే?" అని కల్లంలో ఒకటే నవ్వులు. టీచరమ్మ వచ్చింది కానీ ఓదార్చలేదు.

"ఒక్క మాటన్నా తప్పు పలికావా?"

"లేదండీ."

"మరింకేం! వరుసల సంగతి నీకు చెప్పకపోవడం నా తప్పు. నా తప్పుకి నువ్వెందుకే చదువు మానడం?"

కుడి వరుస మీద అట్టముక్క కప్పి, ఎడమది చదివించింది. తర్వాత అట్ట జరిపింది.

ఆదివారం చర్చిలో ఆవిడే ముందు లేచి, "మొన్న తప్పింది నేను, మార్త కాదు" అంది. నేను అదే పేజీ తెరిచాను. ఫోన్లు లేచాయి. "దగ్గరికొచ్చి తియ్యండమ్మా, గొంతు బాగా పడాలి" అన్నాను. ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివాను. ఆమెన్లతో రేకులు అదిరాయి! ఆ వీడియో మాత్రం గ్రూపులో ఎవరూ పెట్టలేదు. పెట్టకపోతే పోనీ, సోమవారం పొద్దున్నే కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, గుమాస్తా ఇచ్చిన చీటీలన్నీ గడగడా చదివి పని తెచ్చుకున్నాను.

టీచరమ్మ ఇప్పుడు లేదు. నా కింద నలుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. వాళ్లలో ఎవరైనా తప్పు చదివితే, నేను చెప్పడంలో ఎక్కడ లోటు చేశానో ముందు చూసుకుంటాను. పక్కనెవరైనా ఫోను ఎత్తితే మాత్రం మొహమాటపడను. "అది లోపల పెట్టు. ముందు ఆవిణ్ణి చదవనీ" అంటాను.