ధర పైకి చెప్పిన సుంకన్న

సుంకన్నకు నలభై ఎనిమిదేళ్లు. అందులో సగం కాలం కంబదూరు చుట్టుపక్కల సంతలలో గొర్రెల దలాలిగా బతికాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలిచి బేరం తెగేలా చూడడం దలాలి పని. ఆ పనిలో నోటికి చోటు తక్కువ. ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాలు కప్పుతారు. దాని కింద వేళ్లు పట్టుకొని ధర అడుగుతారు, వేళ్లు నొక్కి ఒప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది నిలబడి చూస్తున్నా బేరం ఎంతకు తెగిందో ఎవరికీ తెలియదు.

బయటివారికి ఇది మోసానికి వేసిన తెరలా కనిపిస్తుంది. సంతలో దానికి మరో అర్థం ఉంది. వానలు లేక, మేపు లేక మందను అమ్ముకునే మనిషి ఎంత తక్కువకు దిగివచ్చాడో పక్కవాడికి తెలియనివ్వకపోవడం ఒక మర్యాద. సుంకన్న ఆ మర్యాద ఎన్నడూ తప్పలేదు. జనం అతన్నే వెతుక్కుంటూ రావడానికి కారణం అదే.

గొర్రెల కాపరులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాక దలాలుల పని తగ్గిపోయింది. గొర్రెలను కాటా ఎక్కించి, కిలో లెక్కన, నేరుగా పట్టణ వ్యాపారులకు అమ్మాలని సంఘం ఉద్దేశం. అమ్మకాలు చూసే మేనేజరుగా అధ్యక్షుడు గంగాధర్ సుంకన్ననే ఎంచుకున్నాడు. అయితే ఆరు నెలలకే. ఆ పైన సభ్యులు ఒప్పుకుంటేనే ఉద్యోగం నిలుస్తుంది. సంతలో పని కరువైన మనిషికి వేరే దారి లేదు.

సంఘం ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడానికి నిఖిత అనే అమ్మాయి వారానికోసారి అనంతపురం నుంచి వచ్చేది. ఫోను ఎత్తగానే తన పేరూ సంఘం పేరూ చెప్పడం, అడిగినదానికి నేరుగా జవాబివ్వడం, కుదిరిన ధరను చివర మరొకసారి పైకి చెప్పి ఖాయపరచుకోవడం నేర్పింది. మొదటి రెండూ సుంకన్నకు త్వరగానే పట్టుబడ్డాయి. మూడోదాని దగ్గర ఆగిపోయేవాడు.

“అన్నా, నేను బెంగళూరు వ్యాపారిని అనుకో. కిలో ఎంత?”

“మీరే ఒక మాట చెప్పండి మేడం.”

“అమ్మేది నువ్వు కదన్నా. నువ్వే చెప్పాలి.”

సుంకన్న అప్రయత్నంగా చేయి చాచాడు. నిఖిత నవ్వు ఆపుకోలేకపోయింది. “ఫోనులో చేయి ఎట్లా పట్టుకుంటారన్నా?”

“అదే నా బాధ మేడం. అంకె నోట్లోంచి వస్తే నడి సంతలో పంచె జారినట్లుంటాది.”

ఐదో నెలలో బెంగళూరు నుంచి సందీప్ అనే మాంసం వ్యాపారి వచ్చాడు. సంఘం అంత పెద్ద అమ్మకం అంతకు ముందు చేయలేదు. కాటా చుట్టూ ముప్పై మంది కాపరులు చేరారు. అందరి ఎదుటా సందీప్ కిలో ధర అడిగాడు. ఆ ప్రశ్నకు సుంకన్న వారం రోజులుగా సిద్ధమవుతున్నాడు. కానీ ఎదురుగా తిమ్మక్క కనిపించింది. బోరు ఎండిపోయి, మేపు కొనలేక, ఉన్న గొర్రెలన్నిటినీ తోలుకొచ్చిన ఆడమనిషి. ఆమె తల వంచుకొని నిలబడి ఉంది. సుంకన్న భుజం మీది తువ్వాలు తీసి సందీప్ చేతి మీద కప్పాడు. సందీప్ తండ్రి కూడా సంతలు తిరిగినవాడే కాబట్టి ఆ వేళ్ల భాష అతనికి తెలుసు. క్షణాల్లో బేరం తెగింది. మంచి ధరే వచ్చింది.

గొర్రెలు లారీ ఎక్కకముందే మాటలు మొదలయ్యాయి.

“ఏమప్పా సుంకన్నా, గుడ్డ కింద నీ వాటా ఎంత?”

“దలాలికి మేనేజరు కుర్చీ వేస్తే ఇంతే అన్నా!”

సుంకన్న ఉద్యోగం సంగతి తేల్చే సభ్యుల సమావేశాన్ని గంగాధర్ ఆరు నెలలు నిండకముందే పెట్టాడు. సమావేశం రోజు ఉదయం నిఖిత సుంకన్నతో ఒక్క మాటే చెప్పింది: “చేసింది ఎందుకు చేసినావో అదే చెప్పన్నా. నేల చూస్తూ మాత్రం చెప్పొద్దు.”

సుంకన్న లేచి ముందుగా ధర చెప్పాడు. “ఇనపళ్లేదు!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. మళ్లీ చెప్పాడు. ఈసారి అందరికీ వినిపించింది.

“అంతకు ఒక్క పైసా ఎక్కువ లేదు, తక్కువ లేదు. కావాలంటే సందీప్‌కు ఫోను చేసి అడగండి. నేను గుడ్డ కప్పేది అమ్మేటోళ్ల ఇక్కట్టు దాచేదానికి. ఇన్నేండ్లూ అదే చేసినా. సంతలో మంద ఒకరిది. ఈడ అందరిదీ. అందర్నీ నిలబెట్టి గుడ్డ కప్పితే అనుమానం రాక ఏమొస్తాది? అది నాకు తట్టలేదు. తప్పు నాదే.”

తిమ్మక్క లేచింది.

“ధర పైకి చెప్పల్ల, సరే. నా గొర్రెలు ఎంత తూగినాయో, నాకు ఎన్ని దుడ్లు వచ్చినాయో కూడా ఊరంతా ఇనల్లనా? మంద మొత్తం అమ్ముకున్నా. ఆ మాట కాటా కాడ అరిచి చెప్తారా?”

సుంకన్న తిమ్మక్క వైపు తిరిగి మాట్లాడాడు.

“లేదక్కా. కిలో ధర అందరికీ గట్టిగా చెప్తా. తూకమూ దుడ్లూ ఎవరివి వాళ్లకే చీటీ రాసి చేతికిస్తా.”

సుంకన్న ఉద్యోగానికి ఒప్పుకునేవాళ్లను చేతులు ఎత్తమన్నప్పుడు అందరూ ఎత్తలేదు. “ఒక ఏడాది చూస్తాం,” అన్నాడు ముందు వరుసలోని ఒక పెద్దాయన. ఆ మాటే తీర్మానమైంది.

సుంకన్న ఉద్యోగం ఏడాదికి నిలిచింది. సంతలో చోటు మాత్రం పోయింది. ధర పైకి చెప్పేవాడితో తమ బేరాలు దాగవని పాత దలాలులు అతనితో తువ్వాలు కింద చేయి కలపడం మానుకున్నారు. ఎదురుపడితే పలకరిస్తారు, అంతే. అతను వాళ్లను తప్పుపట్టడు.

తర్వాతి అమ్మకానికి తిమ్మక్క రాలేదు. అమ్మడానికి ఆమె దగ్గర ఏమీ మిగలలేదు. కాటా పక్కన నిలబడి సుంకన్న గొంతు చించుకొని ధర చెప్పాడు.

“మాకేం చెవుడు రాలేదప్పా, మెల్లగా చెప్పు,” అన్నాడు దగ్గరలో ఉన్న కాపరి.

“ఉండన్నా, ఎంత గట్టిగా చెప్పల్లనో ఇంగా తెలియలేదు,” అన్నాడు సుంకన్న. ఈసారి గొంతు కాస్త తగ్గించి, మరొకసారి చెప్పాడు.